పదమూడు నెలల చిట్టా

అడిస్ అబాబా,
20 ఆగస్టు 2025

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. ఇక్కడ వానాకాలం. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి, రేకుల కప్పు మీద పడే చినుకుల మోతకు తరగతిలో నా మాట నాకే వినపడదు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ ఇంజెరాలోకి బాగా కుదిరిందని చెప్పండి. టెఫ్ పిండి పులియబెట్టి వేసే పెద్ద అట్టు అది.

ఈ నెల వొరెడా ఉద్యోగులకు పద్దుల శిక్షణ ఇస్తున్నాం. వొరెడా అంటే మన మండలం లాంటిది. బడి పంతుళ్ల జీతాలు కూడా అక్కడి లెక్కల్లోకే వస్తాయి. నేను తెచ్చిన అభ్యాసాలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి దాకా వేసినవి. మొదటి రోజే ఇథియోపియా దక్షిణ ప్రాంతం నుంచి వచ్చిన ఒకావిడ లేచి, "మా సంవత్సరానికి పదమూడు నెలలండీ" అన్నారు. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర ఐదారు రోజుల పగుమె. ఈ రోజు వాళ్లకు 2017, నెహాసె 14. ఆర్థిక సంవత్సరం మన జులై 8న మొదలవుతుంది.

ఆవిడ తన నోటుబుక్కు చూపించారు. పేజీ మధ్యలో ఎర్ర గీత. ఎడమవైపు వాళ్ల తేదీలు, కుడివైపు సాయమిచ్చే విదేశీ సంస్థ అడిగిన తేదీలు. ఒకే బావి మరమ్మతు ఖర్చును రెండు రకాలుగా విడగొట్టి రాసుకున్నారు. ఆ శ్రమంతా మనలాంటి వాళ్లు పెట్టిందే. వాళ్ల చిట్టా చదవడం రానివాడు వాళ్లకు లెక్కలు నేర్పడానికి రాకూడదు, నాన్నా. ఆ రాత్రే కూర్చుని అభ్యాసాలన్నీ తిరగరాశాను.

తరగతిలో ఒకాయన భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద మన రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థలో శిక్షణ పొందారట. ఆ పథకం 1964 నుంచీ ఉంది. అక్కడ స్వయం సహాయక సంఘాల పొదుపు పుస్తకాలు చూసి వచ్చి, తమ ఊరి ఆడవాళ్ల కోసం ఇక్కడి అమ్హారిక్ భాషలో అలాంటివే గీయించారు. ఇప్పుడు విరామంలో నాకు అక్షరాలు దిద్దిస్తున్నారు: లె, లు, లి, లా, లే, ల్, లో. అచ్చం మన గుణింతమే!

మీతో ఒక పని ఉంది. ఇక్కడా సెనె నెలాఖరున, ఆర్థిక సంవత్సరం ముగిసే వేళ, బిల్లులన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. ట్రెజరీలో మార్చి 31 రాత్రి మీరు వేటిని ఆపేవారో, వేటిని పాస్ చేసేవారో, ఎందుకో వివరంగా రాసి పంపండి. ఆ నోటుబుక్కు ఆవిడ అడిగారు.

మీ
రాము