ఖనోమ్ తాన్ ఇకపై శనివారాలే. ఇంట్లో చేసుకుంటామంటే గుజ్జు మేమిస్తాం

బ్యాంకాక్‌లో మా చేతి మిఠాయిలు తెప్పించుకునే అందరికీ నమస్కారం. ఈ వారం నుంచి ఖనోమ్ తాన్ శనివారం మాత్రమే చేస్తాం. 8 దొప్పల పెట్టె ఇప్పటిదాకా 70 బాత్, ఇకపై 85. పాత ధరకే ఎక్కువ రోజులు చేయాలంటే వంటలో ఏదో ఒకటి మార్చాలి. అది మార్చడం నాకు ఇష్టం లేదు. ఎందుకో వివరంగా చెబుతాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఖనోమ్ తాన్ అంటే తాటిపండు మిఠాయి. బాగా పండి రాలిన పండు గుజ్జులో బియ్యప్పిండి, కొబ్బరిపాలు, చక్కెర కలిపి, పులియబెట్టి, అరటాకు దొప్పల్లో పోసి, పైన కొబ్బరికోరు చల్లి ఆవిరి మీద ఉడికిస్తారు. మన గోదావరి వైపు తాటిరొట్టె తిని పెరిగినవాళ్లకు మూత తీయగానే వాసన తెలిసిపోతుంది. చెట్టు అదే, పండు అదే.

మా పండు ఫెట్చబురి నుంచి వస్తుంది. బ్యాంకాక్‌కు నైరుతిన, పొలం గట్ల వెంట తాటిచెట్లు బారులు తీరి ఉండే ఊళ్లు అవి. ఆ చెట్ల నుంచి తీసిన, ఇంకా పులియని తీపి నీరా కాచి చేసే తాటిబెల్లం థాయిలాండ్ అంతటా పేరున్నది. 2021లో యునెస్కో ఫెట్చబురి నగరాన్ని ఆహార కళకు నెలవైన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఇంత ఉన్నా పండిన తాటికాయ దొరకడం ఏటేటా కష్టమవుతోంది. ముంజలకు మంచి గిరాకీ ఉంది కదా, రైతు గెలను లేతగా ఉండగానే దించేస్తాడు. దించిన గెల పండదు. చెట్టునే వదిలేస్తే ముగ్గి, తనంతట తానే రాలి, ఆ రోజే ఏరకపోతే పురుగు పట్టే పండు కోసం ఆగడం రైతుకు లాభం కాదు. అతన్ని తప్పుపట్టలేను. తాటి విత్తు నాటితే కాపుకు రావడానికి పదిహేనేళ్లు దాటవచ్చు, అందులోనూ ఆడచెట్టే కాస్తుంది. అంత ఓపికగా పెంచిన చెట్టు మీద నాలుగు డబ్బులు ఎక్కువ ఎటు వస్తే అటే వెళ్తాడు. పండును పండుగానే అమ్మితే గిట్టుబాటయ్యేలా నేను ధర ఇవ్వాలి. మీ పెట్టె మీద పెరిగిన 15 బాత్‌లో ఎక్కువ భాగం అక్కడికే వెళ్తుంది.

మిగతాది పనివాళ్ల చేతికి. పండు తొక్క ఒలిచి, టెంకలు విడదీసి, పీచులోంచి గుజ్జు వదిలేదాకా నీళ్లలో రుద్దాలి. ఆ నీళ్లను బట్టలో వడగట్టి, మూటగట్టి రాత్రంతా వేలాడదీయాలి. తాటిపండు గుజ్జులో సహజంగానే చేదు ఉంటుంది. కారిపోయే నీళ్లతో పాటే అది చాలావరకు పోతుంది. తొందరపడి మూట ముందే విప్పితే ఎంత చక్కెర పోసినా నాలుక చివర చేదు తగులుతూనే ఉంటుంది. ఇంత చేశాక, పెద్ద పండుకు కూడా గుప్పెడో రెండు గుప్పెళ్లో గట్టి గుజ్జు మిగులుతుంది, అంతే.

రంగు గురించి కూడా అడుగుతున్నారు. బజారులో నిగనిగలాడే పసుపు, మనది కాస్త మట్టిపసుపు. పండు ఇచ్చిన రంగు అది. ఒక్కో పండు ముదురుగా, ఒక్కోటి లేతగా ఉంటుంది కాబట్టి వారం వారం తేడా వస్తుంది. రంగు కలపం. బేకింగ్ పౌడర్ వేస్తే పిండి పొంగడానికి ఎండలో గంటలు కాయక్కర్లేదని తెలుసు, అయినా వేయం. పండులో ఉండే ఈస్ట్‌తో నెమ్మదిగా పులిసిన పిండికి ఉండే చిరుపులుపు, ఆ కల్లు వాసన, వాటి కోసమే కదా ఇంత శ్రమ.

ఇక అసలు మాట. శనివారం దాకా ఆగలేనివాళ్లు, దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోండి. వడగట్టి గట్టిపరిచిన గుజ్జును 200 గ్రాముల పొట్లాలుగా గడ్డకట్టించి ఇస్తాం. ఒక పొట్లానికి 300 గ్రాముల బియ్యప్పిండి, 250 గ్రాముల చక్కెర, 350 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు పడతాయి. ఇక్కడి దుకాణాల్లో మూడు తలల ఏనుగు బొమ్మ ఉన్న పిండి సంచుల్లో ఎర్ర అక్షరాలది తీసుకోండి. ఆకుపచ్చ అక్షరాలది జిగురు బియ్యం పిండి, దానితో ఇది సాగుడుగా తయారవుతుంది.

కొబ్బరిపాలు అన్నీ ఒకేసారి పోయకండి. పిండిలో గుజ్జు వేసి, పాలు కొద్దికొద్దిగా చిలకరిస్తూ చేత్తో మెదపండి. కనీసం ఇరవై నిమిషాలు. మా వంటింట్లో పెద్ద దిక్కుగా ఉన్న ఫెట్చబురి ఆవిడ ఇక్కడ ఎవరినీ తొందరపడనివ్వదు. పిండి నునుపుగా, చేతికి తేలిగ్గా తగిలేదాకా ఆమె మెదుపుతూనే ఉంటుంది. తర్వాత చక్కెర, మిగిలిన పాలు కలిపితే ఇడ్లీపిండి కంటే కాస్త జారుగా వస్తుంది. గడ్డకట్టించిన గుజ్జులో ఈస్ట్ బలం తగ్గుతుంది కాబట్టి ఇంట్లో అర చెంచా పొడి ఈస్ట్ కలపండి. తాజా పండుతో చేసేవాళ్లకు అది అక్కర్లేదు. గుడ్డ కప్పి ఎండ తగిలే చోట మూడు నాలుగు గంటలు పెట్టండి. పైన బుడగలు కనిపించాలి. ఘాటు పులుపు వాసన వస్తే సమయం మించిందన్నమాట.

అరటాకు దొప్పలు లేకపోతే చిన్న గిన్నెలైనా సరే, కానీ ఆకు వాసన పోతుంది. ముప్పాతిక వంతు దాకా నింపి, కాస్త ఉప్పు కలిపిన లేత కొబ్బరికోరు పైన చల్లండి. ముఖ్యమైనది మంట. నీళ్లు తెర్లుతుండగానే దొప్పలు పెట్టి, పెద్ద మంట మీద పదిహేను, ఇరవై నిమిషాలు మూత తీయకుండా ఉంచాలి. ఆవిరి బలం లేకపోతే పొంగకుండా అణిగిపోయి జిగటగా మిగులుతుంది. మూత లోపలి నీటి చుక్కలు మిఠాయి మీద పడకుండా మూతకు గుడ్డ చుట్టండి.

చేసిన రోజే తినండి. ఫ్రిజ్‌లో బియ్యప్పిండి బిరుసెక్కుతుంది, బయట ఉంచితే ఈ ఎండకు కొబ్బరికోరు సాయంత్రానికే పులుస్తుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఐదు నిమిషాలు మళ్లీ ఆవిరి పట్టించండి, మెత్తబడుతుంది. దూరపు ఊళ్లకు కొరియర్‌లో పంపమని అడిగినప్పుడు మేం కాదనేది కూడా ఇందుకే.

గుజ్జు పొట్లం 90 బాత్. గురువారం సాయంత్రంలోగా చెబితే శనివారం ఉదయం ఇస్తాం, ఐస్‌తో సహా. తాటి టెంకలు కూడా బోలెడు మిగులుతున్నాయి. ఫెట్చబురిలో వాటిని మొలకెత్తించి లోపలి తెల్లటి గుంజును చక్కెర పాకంలో ఉడికిస్తారు, మనం బుర్రగుంజు అని తింటామే, అదే. పెరడు ఉండి తేగలు పెట్టుకుంటామనేవాళ్లు సంచి తెచ్చుకోండి, టెంకలకు డబ్బులు తీసుకోం.