ప్లేటు ఊడింది సరే, నా మాట వినే మనిషి మీ కంపెనీలో ఒక్కరూ లేరా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ వెబ్‌సైట్‌లో కొన్న డోర్ సిల్ ప్లేట్ల (కారు డోరు కింద అంచు మీద అంటించే స్టీలు పట్టీల) గురించి ఇంతకుముందు పంపిన మెయిళ్లు ఎవరైనా చదివి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. ఎవరూ చదవలేదని నాకు తెలుసు. చదివి ఉంటే, ఫోటోలు జత చేసి పంపిన మెయిల్‌కి "దయచేసి ఫోటోలు పంపగలరు" అని జవాబు రాదు.

నాకు తిరుపతిలో ట్యాక్సీ ఉంది. స్టేషన్ దగ్గర, రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గర భక్తులను ఎక్కించుకుని కొండకి, తిరుచానూరుకి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తిప్పుతుంటాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ డోరు కింద అంచు మీదే కాలు పెడతారు, ట్రాలీ బ్యాగుల చక్రాలు దాని మీదే రాసుకుంటాయి, అక్కడ పెయింటు పోతే బండి పాతదైపోయినట్టు కనిపిస్తుంది. అందుకే మీ స్టీలు ప్లేట్లు వేయించాను. ఎండలు ముదిరేసరికి వెనక డోరు ప్లేటు ఒక మూల లేచింది. ఇంకో ప్లేటు పంపి ఉంటే అంతటితో అయిపోయేది.

టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాను. తెలుగు కోసం నంబరు నొక్కమంది, నొక్కాను. చాలాసేపు మ్యూజిక్ వినిపించాక లైన్లోకి వచ్చినాయన హిందీలో మొదలుపెట్టాడు. తెలుగులో మాట్లాడేవాళ్లకి ఇవ్వమంటే హోల్డ్‌లో పెట్టి లైను కట్ చేశాడు. మళ్లీ చేస్తే ఈసారి తెలుగమ్మాయే, మర్యాదగానే మాట్లాడింది, కానీ నేను ఏం చెప్పినా "మీ ఇబ్బంది అర్థమైంది సార్" అన్న ఒక్క ముక్కే. ఫిర్యాదు నమోదు చేసి టికెట్ పెట్టానంది. మర్నాడు పొద్దున మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. ఎవరు పరిష్కరించారండీ? నా బండి దగ్గరికి మీ మనిషి ఒక్కడూ రాలేదు, కనీసం ఫోన్ కూడా చేయలేదు.

ఆ తర్వాత మాట్లాడిన ప్రతివాళ్లూ తలా ఒక కారణం చెప్పారు. ఒకరేమో ఎండకి గమ్ వదిలింది, దానికి వారంటీ రాదన్నారు. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం కొత్తా? ఆ ఎండలో నిలవని గమ్‌తో ఇక్కడివాళ్లకి ఎందుకు అమ్ముతున్నారు? ఇంకొకాయన ఫిట్టింగ్ సరిగ్గా చేసుండరన్నాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర షాపులో వేయించాను, ఆ కుర్రాడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించి, 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు, తగలనివ్వలేదు. ఇదంతా చెబితే, కమర్షియల్ వాడకానికి వారంటీ వర్తించదు అన్నాడు. ఆ మాట పెట్టె మీద లేదు, బిల్లులో లేదు, మీ వెబ్‌సైట్‌లో కూడా లేదు.

అన్నిటికంటే నాకు మండేది ఇది. లేచిన ప్లేటు పీకేస్తాను, కాళ్లకి గుచ్చుకుంటోంది అని నేనే చెప్పాను. పీకితే వారంటీ పోతుంది, మా ఎగ్జిక్యూటివ్ వచ్చి చూసేదాకా అలాగే ఉంచండి అన్నది మీవాళ్లే. ఆ ఎగ్జిక్యూటివ్ ఈరోజుకీ రాలేదు. మొన్న కాణిపాకంలో ఒక పెద్దావిడ బండి దిగుతుంటే పట్టుచీర కుచ్చిళ్లు ఆ మూలకి తగులుకున్నాయి. ఒక కాలు లోపల, ఒక కాలు నేల మీద, ఆవిడ ముందుకు తూలిపోయింది. కొడుకు పక్కనే ఉండి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. చూస్తే జరీ పోగులు ప్లేటు అంచుకి వేలాడుతున్నాయి. వాళ్లబ్బాయి నన్ను పట్టుకుని తిట్టాడు, తిట్టడా మరి, ఎవరి అమ్మకి అలా జరిగినా తిడతారు. అక్కడికక్కడే ప్లేటు పీకేశాను. నల్లగా మట్టి పట్టిన గమ్ సగం బండికే అంటుకుపోయింది, మిగతా సగంతో పాటు పెయింటు పెచ్చు ఊడొచ్చి లోపలి రేకు బయటపడింది. ఇక వాన నీళ్లు పడితే తుప్పు పట్టడమే.

నా పాత బండికి సీటు కవర్లు, మ్యాట్లు అన్నీ మీ కంపెనీవే వేయించాను. మా స్టాండులో కొత్త బండి కొన్న ప్రతివాడికీ మీ పేరే చెప్పాను. వాళ్లు ఇప్పుడు నా డోరు చూసి అడుగుతున్నారు, ఏమన్నా, ఆ కంపెనీ ఏమంటోంది అని. ఏం చెప్పమంటారు?

డబ్బుల కోసం ఇంత గొడవ చేయట్లేదు. కానీ పెయింటు వేయించే ఖర్చు మీరే పెట్టుకోవాలి, ప్లేట్ల డబ్బులు తిరిగి ఇవ్వాలి, ఆ పెద్దావిడ చీర సంగతేమిటో కూడా మీరే చెప్పాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే మీ అధికారి, తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ ఆఫీసర్ పేరు మీ వెబ్‌సైట్‌లో ఎంత వెతికినా కనిపించలేదు. ఈసారి కూడా టికెట్ క్లోజ్ అని మెసేజ్ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేను ఉండే చోటే కేసు వేయొచ్చు, మీ ఊరు రావాల్సిన పని లేదు. నా కేసుకి ఫీజు కూడా లేదు. వాదించడానికి మీరే తిరుపతి రావాలి.

తెలుగు వచ్చిన మనిషితో, నిర్ణయం తీసుకోగల మనిషితో ఫోన్ చేయించండి. నా నంబరు మీరు మూసేసిన ప్రతి టికెట్‌లోనూ ఉంది.

ఇట్లు,
ఒక ట్యాక్సీ ఓనర్,
తిరుపతి