అమ్మ మందు గురించి

ఒరేయ్ శీనూ,

మధ్యాహ్నం ఫోన్లో సరిగ్గా మాట్లాడలేకపోయాను, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. అమ్మ కడుపు క్యాన్సర్‌కి బావ తెచ్చిన క్యాప్సూల్ ఇవ్వొచ్చా అన్న సంగతి రెండు ముక్కల్లో తేల్చేది కాదు కదా. అందుకే షాపు మూశాక రాస్తున్నా.

బావ తెచ్చిన ఆ రీషీ పుట్టగొడుగు క్యాప్సూల్ మా షాపులోనూ ఉంది. ఒకటి విప్పి నాలుక మీద వేసుకున్నా. కాకరకాయే నయం! ఆ చేదంతా అందులోని ట్రైటర్పీన్లనే పదార్థాలది. ల్యాబ్‌లో కణాల మీద చూస్తే అవి ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, తగ్గించిన మాట నిజమే. డబ్బా మీద రాసిందీ అదే.

అమ్మ ఒంట్లో లెక్క అంత తేలిక కాదురా. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికా డాక్టరు కణితిని మానని పుండు అన్నాడు. మోకాలు చెక్కుకుపోతే ఎర్రగా వాచి, పక్కు కట్టి, మానిపోతుంది. కణితి దగ్గర ఆ రిపేరు ఆగదు. తెల్లకణాలు వస్తూనే ఉంటాయి, కొత్త రక్తనాళాలు పుడుతూనే ఉంటాయి, వాటి మీద కణితి బలుస్తుంది. ఆ వాపు తగ్గితే మంచిదే. కానీ అదే పుట్టగొడుగులోని బీటా గ్లూకాన్లనే పిండిలాంటి పదార్థాలు, మాక్రోఫేజ్‌లనే తెల్లకణాల మీదుండే డెక్టిన్-1 అనే గ్రాహకానికి అతుక్కుని వాటిని రెచ్చగొడతాయి. ఒకే డబ్బాలో రెండు పనులూ ఉన్నాయి.

జపాన్ వాళ్లు పుట్టగొడుగు నుంచి క్యాన్సర్ మందు చేశారని బావ చెప్పింది అబద్ధం కాదు. అక్కడ టర్కీ టెయిల్ పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని 1977లోనే మందుగా ఒప్పుకున్నారు. కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయిన 262 మంది మీద చేసిన పరిశీలన 1994లో వచ్చింది. కీమోతో పాటు అది వాడినవాళ్లలో ఐదేళ్లకు 73 శాతం మంది బతికున్నారు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 60 శాతం. అమ్మదీ అదే జబ్బు కాబట్టి నీ ఆశ నాకు అర్థమైంది. అయితే అది వేరే పుట్టగొడుగు, కొలత ప్రకారం తయారైన మందు. మన డబ్బా మీద 'పాలీశాకరైడ్లు' అని మాత్రమే ఉంది, అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసులు. పిండి పదార్థం కూడా ఆ లెక్కలోకే వస్తుంది! రీషీ ఒక్కటే ఇస్తే కణితి కరుగుతుందనడానికి ఆధారం లేదు.

నా భయం ఇంకొకటి. రీషీ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించొచ్చు, కీమోలో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎలాగూ పడిపోతాయి. డాక్టరు చూసేదాకా అమ్మకి ఇవ్వకు. డబ్బా సంచిలో వేసుకెళ్లి ఆయన ముందు పెట్టు. బావ ప్రేమతో తెచ్చాడు, నొచ్చుకోకుండా నేను మాట్లాడతాలే. పుట్టగొడుగుల కూర తినాలని ఉందంటే మాత్రం బాగా ఉడికించి పెట్టు.

బుధవారం రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, ఎంత రాత్రయినా సరే.

నీ
రమణ