ఆ రాత్రి ప్లగ్ తీయించిన తమ్ముడికీ, అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా ఫోటో స్టూడియోకి వచ్చిపోయేవాళ్ళకి మా ఫోటోలు దాచిన కంప్యూటర్ మొరాయించిన విషయం ఈపాటికి తెలిసే ఉంటుంది. ఈ మధ్య పది రోజులు ఎవరి ఫోనూ సరిగా ఎత్తలేదు, ఎత్తినా సరిగా మాట్లాడలేదు. ముందుగా అందుకు మన్నించండి. ఇప్పుడు మనసు కుదుటపడింది. ఎవరు ఏ సాయం చేశారో వివరంగా రాయాలని కూర్చున్నాను. ఒక్క ముక్కలో థాంక్స్ చెప్పి ఊరుకునే సాయం కాదది.

మా ఫోటోలు, వీడియోలు అన్నీ విండోస్‌కి బదులు లైనక్స్ నడిచే ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. నాలుగు డిస్కులు, ఒక్కొక్కటి 4 టీబీ, రెయిడ్ 5 (నాలుగింటినీ కలిపి ఒకే పెద్ద డిస్కులా నడిపే పద్ధతి). మొత్తం 16 టీబీలో 12 వాడుకోవచ్చు, నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా డేటా పోదు. ఆ ధైర్యంతోనే ఆరేళ్ళు నడిపాం. మూడో డిస్కు తప్పుకుందని మెయిల్ వచ్చింది, కానీ నేను తెరవని ఖాతాకి వచ్చింది. 19 రోజులు మూడు డిస్కుల మీదే పని నడిచింది. ఆ సంగతి తెలిశాక కొత్త డిస్కు తెచ్చి బిగించాను. రీబిల్డ్, అంటే పోయిన డిస్కులోని డేటాని మిగతా మూడింటి నుంచి లెక్కకట్టి కొత్తదాంట్లో నింపడం, మొదలైంది. 61 శాతం దగ్గర రెండో డిస్కు కూడా బయటికి పోయింది. ఇక ఏ ఫోల్డరూ తెరుచుకోలేదు. డెలివరీ ఇవ్వాల్సిన పెళ్ళిళ్ళు తొమ్మిది ఉన్నాయి అందులో. ఆల్బమ్ పాడైతే మళ్ళీ ప్రింటు వేయించి ఇవ్వగలం, పెళ్ళి మళ్ళీ చేయించి తీయలేం కదా.

తెలిసిన ఒకాయనని ఫోన్‌లో అడిగితే, "కొత్తగా అర్రే క్రియేట్ చేసెయ్, అదే సర్దుకుంటుంది" అన్నారు. అర్రే అంటే అలా కలిపిన డిస్కుల జట్టు. మంచికే చెప్పారు. నేను కమాండ్ కూడా టైప్ చేసేశాను. ఎంటర్ కొట్టబోతూ ఎందుకో ఆగి, స్క్రీన్ ఫోటో తీసి మా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, ఆమదాలవలస నుంచి మాట్లాడుతున్నాను. మా అన్నయ్య మీ గ్రూపులో ఉన్నాడు. ఏమీ నొక్కలేదు కదా?"

"లేదు బాబూ."

"అయితే షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయండి. పొద్దున్న పాసింజరుకి వస్తాను. అంతవరకు ఎవరేం చెప్పినా ఆన్ చేయకండి."

మా డేటా మిగిలింది ఆ ఒక్క ఫోన్ వల్లే. తర్వాత తనే చెప్పాడు. ఆ ఎంటర్ కొట్టి ఉంటే, డిస్కుల వరుస ఒక్కటి తప్పుగా పడినా పాత లెక్కల మీద కొత్త లెక్కలు రాసుకుంటూ పోయేదట. పాడైన డిస్కుని బాగుచేయించుకోవచ్చు గానీ, మీద రాసేసినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరట. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేసే కుర్రాడు, సర్వర్లు చూసే ఉద్యోగం. సెలవు పెట్టుకుని ఒక బ్యాగు, ఒక చిన్న స్క్రూడ్రైవరుతో దిగాడు. నన్ను అంతకుముందు ఒక్కసారి కూడా చూసినవాడు కాదు.

వచ్చాక ముందు కంప్యూటర్ ముట్టుకోలేదు. నన్ను కూర్చోబెట్టి రెయిడ్ అంటే ఏమిటో చెప్పాడు. "ఊళ్ళో అమ్మవారి పండక్కి ముగ్గురు చందా ఇచ్చారనుకోండి. ముగ్గురి లెక్కా రాసి, నాలుగో చోట మొత్తం రాసుకున్నాం. ఒకరి అంకె చెరిగిపోతే మొత్తంలోంచి తీసేసి పట్టుకోవచ్చు. ఇద్దరివి చెరిగిపోతే పట్టుకోలేం. ఇప్పుడు మనం చెయ్యాల్సింది లెక్క కట్టడం కాదు, చెరిగిన రెండింటిలో ఒకటి ఎలాగైనా చదవడం." ఆరేళ్ళుగా వాడుతున్నదాని లోపలి సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

డిస్కులన్నీ బయటికి తీసి, ఏది ఏ స్లాట్‌లో ఉండేదో, దాని సీరియల్ నంబరులో చివరి నాలుగు అంకెలేవో టేపు మీద రాసి అంటించాడు. ఒక్కొక్కదాని స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) తీశాడు. 19 రోజుల కింద తప్పుకున్న మూడో డిస్కులో ఒక్క చెడ్డ సెక్టరూ (డేటా రాసే చిన్న గడి) లేదు! సీఆర్సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన సందర్భాలు) మాత్రం వేలల్లో ఉన్నాయి. అంటే తప్పు డిస్కుది కాదు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే శాటా కేబుల్‌ది. ఆ కేబుల్ కొసని ఫోన్ టార్చి కింద పట్టి చూపించాడు. పట్టి ఉంచే చిన్న లోహపు నాలిక విరిగి ఉంది, బంగారు రంగు పిన్నుల్లో రెండింటి మీద నల్లటి మసి పట్టి ఉంది. మంచి డిస్కే, అయినా పనికిరాదు. దాని మీద ఉన్నది 19 రోజుల పాత లెక్క. మిగతా మూడింటితో కలవదు.

రెండోది నిజంగానే చెడింది. పెండింగ్ సెక్టర్లు, అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, వందల్లో చూపించింది. ఇక చేయాల్సింది దాన్ని వేరే 4 టీబీ డిస్కులోకి అచ్చంగా దించడం. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ పెట్టాడు. పరీక్షలో తెలిసిన ప్రశ్నలన్నీ ముందు రాసేసి, రానివాటి దగ్గరికి చివర్లో వచ్చినట్టు, అది బాగున్న చోట్లన్నీ ముందు లాగేసి, మొరాయించిన చోటికి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆగినా మళ్ళీ మొదటికి రాదు. టేబుల్ ఫ్యాన్ తిప్పి సరిగ్గా డిస్కు మీదికి పెట్టాం. మధ్యాహ్నం పన్నెండుకి మొదలైంది.

సాయంత్రానికి ఉరుములు, కరెంటు పోయింది. మా యూపీఎస్ పది నిమిషాలు మించి ఆగదు. కింద టిఫిన్ సెంటర్ బాబాయి ఎవరూ అడగకుండానే తన ఇన్వర్టర్ నుంచి వైరు లాగి మేడ మీదికి ఇచ్చారు. ఆ రాత్రి తన కొట్లో ఒక్క బల్బుతో సరిపెట్టుకున్నారు. బాబాయ్, ఆ సంగతి నాకు మర్నాడు మీ కుర్రాడు చెబితే తెలిసింది.

రాత్రి పదకొండుకి మొదటి విడత అయ్యింది. తర్వాత తెల్లవార్లూ ఇంకా చదవాల్సింది ఎంతో చూపే అంకె ఒక్కటే చూస్తూ కూర్చున్నాం. 9 ఎంబీ, 3 ఎంబీ, 800 కేబీ. ఒక్కోసారి అరగంటసేపు కదిలేది కాదు. పొద్దున్న ఆరు దాటాక 212 కేబీ దగ్గర నిలిచిపోయింది. నాలుగు టీబీల్లో చదవలేకపోయింది అంతే. ఇక ఆపేద్దాం అన్నయ్యా అన్నాడు.

తర్వాత ఒకటో డిస్కు, రెండోదాని నకలు, నాలుగోది. ఈ మూడే. వాటి మీద కూడా నేరుగా రాయనివ్వలేదు. ఓవర్‌లే అని ఏదో పెట్టాడు, రాతలన్నీ పక్కనున్న వేరే ఫైలులోకి పోతాయట. లైనక్స్‌లో రెయిడ్ నడిపే ఎండీఏడీఎం అనే ప్రోగ్రామ్‌కి క్రియేట్ అని కాకుండా, ఉన్నవాటిని కలపమని, కాస్త గట్టిగా కలపమని చెప్పాడు. చదవడానికి మాత్రమే తెరిచాడు. "ఏదో ఒక ఫోటో తెరవండి" అన్నాడు. బొబ్బిలి పెళ్ళి ఫోల్డర్ నొక్కాను. జీలకర్ర బెల్లం. పెళ్ళికూతురి చెయ్యి పెళ్ళికొడుకు తల మీద, గోళ్ళకంటిన బెల్లం సహా కనిపిస్తోంది. మా ఆవిడ వెనకాల నిలబడి ఏడ్చేసింది. నేనూ అంతే.

దించుకోవడానికి చోటు కావాలి. ఆదివారం, కొట్లు మూసేసి ఉన్నాయి. నకలు తీసిన 4 టీబీ డిస్కు కూడా ముందురోజు మూడు లాంతర్ల దగ్గరి కంప్యూటర్ కొట్టాయన డబ్బు తర్వాత చూద్దాంలెమ్మని ఇచ్చిందే. ఇప్పుడు 8 టీబీ కావాలి. మా వీధిలోనే ఉన్న ఇంకో స్టూడియో అన్నగారు తన ఎక్స్‌టర్నల్ డిస్కు ఖాళీ చేసి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ రోజు నేను ఒప్పుకున్న ఓణీల ఫంక్షన్ కూడా తనే వెళ్ళి తీసి, కార్డు తెచ్చి ఇచ్చారు. ఇద్దరం ఒకే వీధిలో ఒకే వ్యాపారం చేసుకుంటున్నాం. అన్నగారూ, మీ మేలు మరచిపోను.

పోయినవి రెండు వీడియో క్లిప్పులు, ఐదు ఫోటోలు. ఫోటోల్లో పై సగం బాగుంది, కింద సగం బూడిద రంగు. ఐదూ గజపతినగరం వాళ్ళవే, తలంబ్రాలప్పటివి. వెళ్ళి పెళ్ళికూతురి నాన్నగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పోనీ బాబూ, ఉన్నవి బాగున్నాయి కదా, అవి ఇయ్యండి" అన్నారు. రెండో కెమెరాలో అదే సమయం దొరికింది, వాటితో పూరించాను. ఆ పెద్దాయనకి కూడా నా నమస్కారం.

తమ్ముడు వెళ్ళేముందు చెప్పినవి రాస్తాను, మన గ్రూపులో చాలామందికి ఇదే సెటప్ ఉంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చెడ్డ సెక్టరు తగిలితే ఒకటి రెండు నిమిషాలు తంటాలు పడతాయి. లైనక్స్ 30 సెకన్లే ఆగి, డిస్కు పోయిందనుకుంటుంది. అందుకని డిస్కుని 7 సెకన్లకే చేతులెత్తేయమని పెట్టాలి, అది కుదరని డిస్కు అయితే లైనక్స్‌ని 180 సెకన్లు ఆగమని పెట్టాలి. రెండోది, నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక మా కంప్యూటర్ తనంతట తనే డిస్కులన్నీ చదివి చూసుకునే ఏర్పాటు ముందే ఉందట. మేం రోజూ రాత్రి తొమ్మిదికి ఆపేస్తాం. ఆరేళ్ళలో ఆ తనిఖీ ఒక్కసారీ జరగలేదు. జరిగి ఉంటే, నాలుగు డిస్కులూ బాగున్నప్పుడే ఆ చెడ్డ సెక్టర్లు బయటపడి సరిచేసుకునేవట. ఇప్పుడు శనివారం రాత్రి ఆపడం మానేశాం. హెచ్చరికలు నా ఫోన్‌కే వస్తున్నాయి. ఇంకో కాపీ సాలూరులో మా బావమరిది ఇంట్లో ఉంటుంది.

డబ్బిస్తే తమ్ముడు తీసుకోలేదు. రెండు రోజులూ మా ఇంట్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో భోంచేశాడు, అంతే. గజపతినగరం ఆల్బమ్ నిన్న ప్రింటుకి వెళ్ళింది. నీ చిన్న స్క్రూడ్రైవరు నా టేబుల్ మీదే ఉండిపోయింది తమ్ముడూ, గురువారం పాసింజరులో నేనే పట్టుకొస్తాను. అమ్మగారిని కూడా చూసినట్టుంటుంది.