నా గొలుసుకు కట్టిన చీటీ

చిన్నీ,

రాత్రి నువ్వు “పోయింది ఫోనే కదమ్మా, జైలుకెళ్ళి దొంగని గుర్తుపట్టడం నా వల్ల కాదు” అని పెట్టేశావు. మళ్ళీ ఫోన్ చేస్తే “సరేలే అమ్మా” అంటావు. అందుకే రాస్తున్నా.

2019లో నా గొలుసు పోయినప్పుడు నీకు పరీక్షలని సగమే చెప్పాం. సత్యనారాయణపురంలో మన గుమ్మం ముందు ముగ్గేస్తున్నా, ఇంకా తెల్లారలేదు. బండి ఆగింది. వెనక కూర్చున్నవాడు వంగి ఏదో అడ్రస్ అడిగాడు. నేను తలెత్తి చెప్పేలోపు మెడలో గొలుసు లేదు. బండి నడిపినవాడికి హెల్మెట్ ఉంది.

మీ నాన్న ముందు లాయర్‌కి ఫోన్ చేశారు. ఆయన నవ్వి, “కేసు మీది కాదండీ, ప్రభుత్వానిది. మీ ఆవిడ సాక్షి, అంతే” అన్నాడు. లాయర్‌ని పెట్టుకోవాలా అన్నావుగా, నీకూ అదే జవాబు. మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున వాళ్ళ లాయరే, ఏపీపీ అంటారు, వాదిస్తారు. నువ్వు సంతకం పెట్టాల్సింది ఫిర్యాదు మీదే. తర్వాత ఎస్సై అడిగి రాసుకున్న స్టేట్‌మెంట్ మీద సంతకం అక్కర్లేదు.

నాది పాత చట్టం కింద నడిచింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇలా లాక్కుపోవడం 304 సెక్షన్ కింద విడిగా ఒక నేరం, మూడేళ్ళ దాకా శిక్ష. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులే నీకు చెప్పాలి. పట్టుకున్నవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇలాంటి కేసులో 60 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడగడం వాడి హక్కు. వాడు లాయర్‌ని పెట్టుకోలేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది. అప్పట్లో నాకు ఒళ్ళు మండింది. నా గొలుసు తెంపినవాడికి నా పన్ను డబ్బుతో లాయరా అని!

నువ్వు భయపడే పరేడ్, అదే జైల్లో దొంగని గుర్తుపట్టించడం, దాని సంగతి చెప్తా. పోలీసులు పక్కన ఉండరు, మేజిస్ట్రేటే జరిపిస్తారు. ఒకే ఈడు, ఒకే తీరువాళ్ళని వరసగా నిలబెట్టారు. అడ్రస్ అడిగినవాణ్ణి చూడగానే నా అరచేతులు చల్లబడ్డాయి. చూపించాను. హెల్మెట్‌వాడి కోసం నిలబెట్టిన రెండో వరసలో నేను చూసిన ముఖం ఒక్కటీ లేదు. “తెలీదండీ” అన్నా. బయటికొచ్చాక మీ నాన్న, “ఎవరో ఒకర్ని చూపించాల్సింది” అన్నారు. ఆటోలో ఇంటిదాకా ఆయనతో మాట్లాడలేదు.

కోర్టులో నా సాక్ష్యం 2022లో. వాయిదాల మీద వాయిదాలు. అటెండర్ మూడుసార్లు పేరు పిలిస్తే బోనెక్కాను. పోలీసులకి దొరికిన గొలుసుని అంతకుముందే కోర్టులో పిటిషన్ వేసి, పూచీ రాసిచ్చి తెచ్చుకున్నాం కాబట్టి రుమాల్లో మూటకట్టి పట్టుకెళ్ళా. ముద్దాయిల లాయర్ మెత్తగానే అడిగాడు, “ఇలాంటి గొలుసులు బెజవాడలో వేలున్నాయమ్మా, ఇది మీదేనని ఎలా చెప్తారు?” కొక్కెం పక్కన అతుకు చూపించా. నువ్వు నాలుగేళ్ళప్పుడు లాగితే తెగింది, కంసాలి అతికితే అక్కడ కాస్త లావుగా ఉండిపోయింది. జడ్జిగారు వేలితో తడిమి చూశారు. క్లర్క్ దానికి దారంతో చీటీ కట్టి ‘ఎం.ఓ. 1’ అని రాశాడు, అంటే కేసులో చూపించిన మొదటి వస్తువని.

దొంగ పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడుగా, ఇంకా ఈ తంతెందుకు అని నేనూ అడిగాను. పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో అది చెల్లదట. వాడు చెప్పిన చోట సొమ్ము దొరికితే ఆ మేరకే లెక్క. అది దొరికినప్పుడు పక్కనుండి చూసి, మధ్యవర్తుల రిపోర్టు అనే కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళు కూడా కోర్టుకొచ్చి చెప్పాలి. మా కేసులో ఇద్దరిలో ఒకాయన అడ్డం తిరిగాడు.

అడ్రస్ అడిగినవాడికి శిక్ష పడింది. హెల్మెట్‌వాణ్ణి వదిలేశారు. వాడేనేమో కూడా. మీ నాన్న ఇప్పటికీ గొణుగుతారు. నేను చూడనివాణ్ణి చూశానని ఎలా చెప్పను?

నీ ఫోన్ లాక్కున్నవాడి ముఖం చూశావా లేదా? చూస్తే చూపించు, లేకపోతే లేదను. రెండూ చెల్లుతాయి.

ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బులడక్కుండా ఇవ్వాలి, తీసుకున్నావా? ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. పరేడ్ శనివారమైతే శుక్రవారం రాత్రి బస్సుకి హైదరాబాద్ వచ్చేస్తా. లోపలికి నన్ను రానివ్వరు, గేటు బయట కూర్చుంటా.

మీ అమ్మ