ఆర్మ్ మీద వర్చువల్ మెషీన్లు: ఏం వస్తుంది, ఏం రాదు

నమస్కారం.

"ఆర్మ్ సర్వర్ కొన్నాం, మీ సాఫ్ట్‌వేర్ దాని మీద ఎప్పుడు నడుస్తుంది?" అని ఏడాదిగా మీలో చాలామంది అడుగుతున్నారు. ఆర్మ్ అంటే ఇంటెల్, ఏఎండీలవాటికి భిన్నమైన ఆదేశాలతో నడిచే ప్రాసెసర్ల రకం. నేను "చూస్తున్నాం" అనే ఒక్క మాటతో దాటవేస్తూ వచ్చాను. నిజానికి అప్పుడు చూడనే లేదు. ఇప్పుడు చూశాం కాబట్టి, కనిపించినదంతా దాచకుండా చెబుతున్నాను.

మేము నలుగురం. పదేళ్లుగా మా ఉత్పత్తి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీదే, అంటే ఎక్స్86 మీదే నడుస్తోంది. మీ సర్వర్లలో వర్చువల్ మెషీన్లను, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవాటిని, సృష్టించడం, బ్యాకప్ తీయడం, ఒక సర్వర్ నుంచి మరోదానికి తరలించడం మా పని. అడుగున అసలు బరువు మోసేది లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) వర్చువల్ మెషీన్లను నడిపే భాగమైన కేవీఎం. అది 2007లో ఎక్స్86కి, 2013లో ఆర్మ్‌కి వచ్చింది. పునాది అంత పాతది కాబట్టి పైన ఉన్న మన కోడ్‌ను ఆర్మ్ కోసం మళ్లీ కంపైల్ చేస్తే (ప్రాసెసర్ ఆదేశాలుగా మారిస్తే) చాలు, రెండు నెలల పని అని మా వాళ్లకు లెక్క చెప్పింది నేనే. ఆ లెక్క తప్పింది.

కంపైల్ కావడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. మొదటి వర్చువల్ మెషీన్ ఆ సాయంత్రమే బూట్ అయింది. రాత్రంతా పరీక్షలు నడవనిచ్చి పొద్దున చూస్తే బ్యాకప్‌లలో ఒకటి చెడిపోయి ఉంది. ఒక్కటే. మళ్లీ నడిపితే అన్నీ బాగున్నాయి. రెండు రోజుల తర్వాత ఇంకొకటి చెడింది. ఆ దొంగ కోసం మూడు వారాలు వెతికాం.

చివరికి నేను రాసిన కోడ్‌లోనే దొరికాడు. పట్టుమని పది వరుసలు కూడా లేని కోడ్ అది. డిస్కు చదివే థ్రెడ్ (ప్రోగ్రాములో మిగతావాటితో పాటు సమాంతరంగా నడిచే పని) ఒక బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులో, డేటా నింపి, ఆ తర్వాత "సిద్ధం" అని గుర్తు పెడుతుంది. బ్యాకప్ రాసే థ్రెడ్ ఆ గుర్తు చూసి డేటా తీసుకుంటుంది. ఎక్స్86లో ఒక కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పని చేసే భాగం) మెమరీలో రాసినవి మిగతా కోర్లకు రాసిన వరుసలోనే కనిపిస్తాయి. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. గుర్తు ముందు, డేటా వెనక కనిపించినా దాని నియమాల ప్రకారం తప్పు కాదు. వరుస తప్పకూడదంటే ఆ సంగతి కోడ్‌లో మనమే చెప్పాలి. నేను చెప్పలేదు. పదేళ్లు అది సరిగ్గా నడిచిందంటే ఆ ఘనత ప్రాసెసర్‌ది, నాది కాదు.

ఇది చదివి మీ పాత బ్యాకప్‌ల గురించి కంగారు పడకండి. ఇలాంటి చోట కంపైలర్ కూడా వరుస మార్చే వీలుంది కనుక, మేము విడుదల చేసిన ప్రతి వెర్షన్‌లోనూ ఆ భాగపు మెషీన్ కోడ్ బయటికి తీసి చదివాం. అన్నింటిలోనూ డేటా తర్వాతే గుర్తు ఉంది. ఇలాంటి కోడ్ ఇంకా పదకొండు చోట్ల బయటపడింది. వాటిని ఒక్కొక్కటిగా సరిచేస్తున్నాం.

రెండో చిక్కు మెమరీ పేజీలది, అంటే కెర్నల్ మెమరీని పంచిపెట్టే ముక్కలది. ఎక్స్86లో మామూలు పేజీ 4 కిలోబైట్లు. ఆర్మ్‌లో కెర్నల్‌ను 4, 16, 64 కిలోబైట్లలో దేనికైనా తయారు చేయవచ్చు. మా కోడ్‌లో 4096 అనే అంకె ఎన్ని చోట్ల పాతుకుపోయిందో వెతికితే గానీ తెలియలేదు. వాడని మెమరీని వర్చువల్ మెషీన్ నుంచి వెనక్కి తీసుకునే సదుపాయానికి ఇక్కడే దెబ్బ తగిలింది. మెషీన్ మెమరీని 4 కిలోబైట్ల ముక్కలుగా అప్పగిస్తుంది. సర్వర్ పేజీ 64 అయితే, పక్కపక్కనే ఉన్న పదహారు ముక్కలూ చేతికి వస్తే తప్ప ఒక్క పేజీ కూడా ఖాళీ కాదు. కాబట్టి అలాంటి సర్వర్లలో మొదట ఈ సదుపాయం ఉండదు.

మీ ఎక్స్86 వర్చువల్ మెషీన్లు ఆర్మ్ సర్వర్ మీద ఉన్నవి ఉన్నట్టుగా నడవవు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆర్మ్ వెర్షన్‌తో కొత్తగా పెట్టుకుని, డేటా తెచ్చుకోవాలి. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ ఎక్స్86 ఆదేశాలను ఆర్మ్‌కి ఒక్కొక్కటిగా అనువదించి నడపగలదు గానీ, ఆ వేగంతో రోజువారీ పని సాగదు. అది చూపించి అరచేతిలో వైకుంఠం పెట్టడం నాకిష్టం లేదు. 2020లో ఆపిల్ తన ఆర్మ్ ప్రాసెసర్ ఎం1 తెచ్చినప్పుడు పాత ప్రోగ్రాములు నడిచాయి కదా అని ఒకరు అడిగారు. అందులో ఆపిల్ అనువాద సాఫ్ట్‌వేర్ రొసెట్టా 2 అనువదించింది విడి ప్రోగ్రాములను. ఎక్స్86 వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌ను అది కూడా పక్కన పెట్టింది.

నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా తరలించే సదుపాయం కూడా ఒకే ప్రాసెసర్ మోడల్ ఉన్న ఆర్మ్ సర్వర్ల మధ్యే ఇస్తాం. ఎక్స్86లో వేర్వేరు తరాల సర్వర్లన్నింటికీ సరిపడే ఒక పాత మోడల్‌ను మెషీన్‌కు చూపించి నెట్టుకొస్తున్నాం. ఆర్మ్ కేవీఎంలో మెషీన్‌కు కనిపించేది దాదాపుగా ఆ సర్వర్‌లోని అసలు ప్రాసెసరే. చిన్న బోర్డుల జోలికి ఇప్పట్లో వెళ్లం, సర్వర్లు మాత్రమే.

తేదీ చెప్పను. ఒకసారి చెప్పి తప్పాను, అది చాలు. ముందుగా వచ్చే ప్రయోగాత్మక వెర్షన్‌లో సృష్టించడం, నడపడం, ఆపడం, బ్యాకప్, ఇవే ఉంటాయి. పోతే పోనీ అనుకోగల మెషీన్ల మీదే దాన్ని వాడండి. ఇప్పుడున్న లైసెన్సే దానికీ చెల్లుతుంది. ఈ పని వల్ల, ఈసారి ఇస్తానన్న కొత్త నివేదికల పేజీ వెనక్కి జరిగింది. దాని కోసం ఎదురుచూస్తున్న వారికి క్షమాపణలు.

మా దగ్గర ఉన్న ఆర్మ్ సర్వర్ ఒక్కటే, అందులో పేజీ 4 కిలోబైట్లు. 64 కిలోబైట్ల కెర్నల్‌తో ఖాళీగా ఉన్న సర్వర్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ప్రాసెసర్ మోడల్, కెర్నల్ వెర్షన్ రాసి పంపండి. మొదటి వెర్షన్ ముందు మీకే ఇస్తాం.