ఓడదొంగల సైటు పెడుతున్న, కొన్ని మాటలు కావాలె

ఎడిటర్ గారికి నమస్తే.

నేను నల్గొండల క్లాక్ టవర్ దగ్గర చిన్న జిరాక్స్ సెంటర్ నడుపుత. పదిహేనేండ్ల నుంచి మీ పేపరే వేయించుకుంటున్న, పొద్దుగాల షట్టర్ లేపినంక మొదటి గిరాకీ వచ్చేదాంక చదివేది అదే. మొన్న ఆదివారం పిల్లల పేజీల సముద్రపు దొంగల మీద వేసిన ఐటెం చూసి ఈ ఉత్తరం రాస్తున్న. తిట్టనీకి కాదు సార్. కాకపోతే అండ్ల ఒంటికన్ను దొంగ ఉన్నడు, భుజం మీద చిలక ఉంది, ఇసుకల పాతిపెట్టిన పెట్టె ఉంది, ఓడ అంచుకు బల్ల కట్టి దాని మీద మనిషిని నడిపించి నీళ్ళల్ల పడేసుడు ఉంది, ఒక్క నిజమైన ఊరు, ఒక్క సంవత్సరం మాత్రం లేదు. ఆ చిలక, గుర్తుపెట్టిన మ్యాపు, కుంటికాలు దొంగ, ఇవన్నీ జనం నెత్తిలకు ఎక్కింది 1883ల పుస్తకంగా వచ్చిన ట్రెజర్ ఐలాండ్ అనే నవల నుంచి. అంటే అసలు దొంగలు పోయిన నూటయాభై ఏండ్లకు.

నాకీ పిచ్చి ఎట్ల పట్టిందంటే, ఆరో తరగతిల బడోళ్ళు మమ్మల్ని సాగర్ తీస్కపోయిండ్రు, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతున్నం, నడిమికి పోయినంక నాలుగు దిక్కుల నీళ్ళే, నా పక్కపొంటి కూసున్నోడు "ఇప్పుడు దొంగలొస్తే ఏడికి ఉరుకుతం రా" అన్నడు. అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవులల్ల ఉంది. నల్గొండోడికి సముద్రం ఏం ఎరుక సార్, మాకు సముద్రం అంటే పానగల్ల ఉదయసముద్రం చెరువే. అయినా ఇరవై ఏండ్ల నుంచి ఎక్కడ ఓడదొంగల ముచ్చట దొరికినా చదువుడు, నోట్‌బుక్కుల రాసుకునుడు. నాలుగు నోట్‌బుక్కులు నిండినయి. ఇప్పుడు అవన్నీ ఒక వెబ్‌సైట్ చేద్దామని ఏడాది నుంచి ప్లాన్ చేస్తున్న, తెలుగుల, ఫ్రీగ, యాడ్స్ లేకుండ. మా ఇంటామె "ఉన్న దొంగలు సాల్తలేరా, సముద్రం పొంటి ఉన్నోళ్ళు గూడ గావాల్నా" అంటది. అననీయండి.

ఓడల దోపిడిని ఇంగ్లిషుల పైరసీ అంటరు గని, తెలుగుల పైరసీ అని కొట్టి చూడండి, సినిమా పైరసీ తప్ప ఇంకోటి రాదు. నా సైటు దొరకాల్నంటే ముందు ఆ మాటను దాటాలె, అందుకే ఓడదొంగలు అని పెట్టిన.

అయితే నేను రాయాలనుకునేది నల్లజెండా, గడ్డం, కత్తి ముచ్చట్లు ఒక్కటే కాదు. అవి గూడ ఉంటయి, లేకుంటే పిల్లలు రారు. బ్లాక్‌బియర్డ్ అనే ఓడదొంగ 1718ల అమెరికాల చార్లెస్టన్ రేవుకు అడ్డం పడి ఊరిని బెదిరించి ఏం అడిగిండో తెలుసా, మందుల పెట్టె. బంగారం కాదు. అసొంటియి మస్తు ఉన్నయి. కాని నాకు ముఖ్యం దోచుకోబడ్డోళ్ళ దిక్కు నుంచి చెప్పుడు. ఎందుకంటే ఇంగ్లిషుల ఈ కథలన్నీ దొంగ ఓడ మీద నిలబడి చెప్తరు, అవతలి ఓడల మనిషి ఉన్నడన్న సోయి ఉండదు, ఆ అవతలి ఓడ చానసార్లు మన దిక్కుదే.

1695 సెప్టెంబర్ సంగతి చూడండి. గంజ్-ఎ-సవాయి అని ఔరంగజేబు పాదుషా పెద్ద ఓడ, మక్కా పోయొస్తున్న యాత్రికులు, ఎర్రసముద్రం దిక్కు సరుకు అమ్ముకున్న పైసలు అండ్లనే, సూరత్‌కు వాపస్ వస్తుంది. ఫ్యాన్సీ అనే ఓడల ఒక ఇంగ్లిషోడు వచ్చి అడ్డం తిరిగిండు, పేరు హెన్రీ ఎవరీ. తెలుగుల రాస్తే ఆ పేరే ప్రశ్న లెక్క ఉంటది. ఖాఫీ ఖాన్ అని ఆ కాలపు చరిత్ర రాసినాయన లెక్క ప్రకారం పాదుషా ఓడ మీద 80 ఫిరంగులు, 400 తుపాకులు ఉన్నయి. మామూలుగైతే ఎవరీ గెలిచేటోడే కాదు. కాని పాదుషా ఓడోళ్ళ ఫిరంగి వాళ్ళ దగ్గర్నే పేలింది, చుట్టున్నోళ్ళు పోయిండ్రు, అదే టైముల అవతలోడి గుండు తగిలి నడిమి తెరచాప కొయ్య కూలింది, ఇగ జనం ఆగమాగం. కెప్టెన్ కిందికి ఉరికి బానిస ఆడపిల్లలకు తలపాగలు కట్టి కొట్లాటకు పైకి పంపిండని ఖాఫీ ఖాన్ రాసిండు. తర్వాత కొన్ని రోజులు ఆ ఓడ మీద జరిగింది పిల్లల పేజీల రాయలేం, ఆడోళ్ళు సముద్రంల దుంకి సచ్చిపోయిండ్రు అంత వరకే చెప్త.

అప్పుడు ఔరంగజేబు ఏడ ఉన్నడు? ఢిల్లీల కాదు, దక్కన్‌లనే. గోల్కొండ ఆయన చేతికొచ్చి ఎనిమిదేండ్లు, అంటే మన నల్గొండ పన్ను గూడ ఆయనకే పోతున్న రోజులు. ఆయనకు కోపమొచ్చి సూరత్‌ల ఉన్న ఈస్టిండియా కంపెనీ వాళ్ళను జైల్ల ఏసి బేడీలు పెట్టించిండు, వ్యాపారం బంద్. కంపెనీకి చెమటలు పట్టినయి. ఇంగ్లండ్ల ఎవరీ తల మీద 500 పౌండ్లు పెట్టిండ్రు, తర్వాత అది 1000 దాంక పోయింది. 1696ల లండన్ల అతని మనుషుల ఐదుగురికి ఉరి పడ్డది. ఎవరీ మాత్రం దొరకలే. ఏడికి పోయిండో, ఎట్ల సచ్చిండో మూడు వందల ఏండ్లయినా తేలలే. పైంగ ఇంగ్లండ్ల అతని మీద పాటలు కట్టి పాడుకున్నరు. ఓడల ఉన్న ఆ ఆడోళ్ళ మీద పాట ఎవలు కట్టలే.

ఇంకో పంచాది ఏందంటే, దొంగ అని ఎవల్ని అనాలె. కాన్హోజీ ఆంగ్రే అని మరాఠా నౌకాదళం పెద్దమనిషి, 1729ల చనిపోయిండు, కొంకణ్ తీరంల ఓడలు పోవాల్నంటే నా దగ్గర దస్తక్, అంటే అనుమతి కాయితం, తీసుకోండి, లేకుంటే పట్టుకుంట అన్నడు. కంపెనీ కాయితాలల్ల ఆయన దొంగ. ఇయ్యాల ముంబైల నేవీ స్థావరానికి ఆయన పేరే, ఐఎన్‌ఎస్ ఆంగ్రే. మరి ఆయన కంటే రెండు వందల ఏండ్ల ముందే పోర్చుగీసోళ్ళు ఇదే పని చేసిండ్రు, కార్తాజ్ అనే కాయితం కొనకుండ ఎవని ఓడ కనిపించినా గుంజుకున్నరు, వాళ్ళను మాత్రం బడి పుస్తకంల నావికులు అని చదివినం. మా ఓళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పాల్నంటే పంతంగి టోల్ గేటు. పైసలు కట్టు, ముందుకు పో.

పంతంగి అంటే యాదికొచ్చింది. టావెర్నియర్ అని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి, 1600ల కాలం మనిషి, గోల్కొండ నుంచి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనికి పోయే దారిల పటెంగి, పెంగెల్ అని ఊర్ల పేర్లు రాసిండు. అవి మన పంతంగి, పానగల్లే అంటరు. గోల్కొండకు రేవంటే మచిలీపట్నం. అక్కడ్నుంచి సుల్తాన్ల ఓడలు ఎర్రసముద్రం దాంక పోయినయి. సముద్రం మనకు దూరం అనుకుంటం గని ఆ సముద్రం మీదికి పోయే సరుకు మన గడప ముందట్నుంచే పోయింది సార్. నా సైటుల మొదటి పేజీ ఈ దారి మీదనే ఉంటది, చేతితోని గీసిన మ్యాపు, పానగల్ దగ్గర ఎర్ర చుక్క.

దాని ఎనకాలే మోటుపల్లి శాసనం పెడ్త. కాకతీయ గణపతిదేవుడు 1244-45 కాలంల వేయించింది, బాపట్ల జిల్లాల ఉంది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మొత్తం ఇంతకుముందు రాజులు గుంజుకున్నరు, నేను మామూలు సుంకం తప్ప ఏం ముట్ట అని రాయి మీద చెక్కించి వ్యాపారులకు మాటిచ్చిండు. దొంగలు నీళ్ళ మీద ఒక్కటే లేరు, గద్దె మీద గూడ ఉన్నరని ఒక రాజే ఒప్పుకున్నట్టు కాదా? నాకైతే నల్లజెండాలన్నిటి కంటే ఈ రాయి మీదనే పానం.

ఇగ దొంగల దిక్కు గూడ న్యాయంగ చెప్పాలె. బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనేటోడు నాలుగు వందల పైన ఓడలు దోచిండు, 1722ల ఆఫ్రికా తీరంల పోయిండు. వాని ఓడ మీద కట్టుబాట్లు చదివితే ఎవలికైనా నోట మాట రాదు. ప్రతోడికి ఓటు. పైసలు పెట్టి పేకాడొద్దు. రాత్రి ఎనిమిదికి దీపాలు బంద్. వాయిద్యం వాయించేటోళ్ళకు ఆదివారం సెలవు. కొట్లాటల కాలో చెయ్యో పోతే అందరి సొమ్ముల నుంచి 800 వెండి నాణాలు. దోపిడిల కెప్టెన్‌కు రెండు వాటాలే, మామూలోడికి ఒకటి. ఇది చదివినప్పుడు నాకు మా మార్కెట్ యార్డు హమాలీలు మాపటికి బస్తాల మీద కూసోని కూలి పంచుకునుడు కండ్ల ముందట కనిపించింది. అదే కాలంల మంచోళ్ళ ఓడలు అనుకున్నయాటిల కళాసీలకు జీతం ఎగ్గొట్టుడు, కొరడాతోని కొట్టుడు మామూలే. మనిషి దొంగల్ల ఎందుకు కలుస్తడు అంటే సగం జవాబు ఆడనే ఉంది. అట్లని దొంగను దేవుణ్ణి చేయను, ఆ ఓడల్ల చానా వాటిల బానిసలను గూడ అమ్మిండ్రు.

ఇప్పుడు సైటు కష్టాలు. మా బిడ్డ పదో తరగతి, ఆమెనే డిజైనర్. మొత్తం నల్లగ పెట్టి ఎర్ర అక్షరాలు పెట్టింది, మధ్యల పుర్రె. కంప్యూటర్ల మంచిగనే ఉండె, నా ఫోన్ల చూస్తే ఒత్తులన్నీ నలుపుల కలిసిపోయి "ఫిరంగి పేల్చిండ్రు" అనేది "ఫిరంగి పేలచిండరు" లెక్క కనిపిస్తుంది. రాత్రి పన్నెండు దాంక కూసోని తెల్లగ మార్చినం. పుర్రె తీసేసి శాతవాహనుల నాణెం పెడ్దామన్న, యజ్ఞశ్రీ శాతకర్ణిది, రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటది దాని మీద. "డాడీ, దొంగల సైటుకు రాజు ఓడ ఏంది" అని అలిగింది. ప్రస్తుతానికి పైన నాణెం, కింద చిన్న పుర్రె, రాజీ. ఒక కంపెనీ దగ్గర సైటు పేరు కొన్న, మొదటి ఏడు చౌక చూపెట్టి రెండో ఏడు మూడింతల బిల్లు పంపిండ్రు. కత్తి గూడ చూపెట్టలే వాళ్ళు. బొమ్మలు మాత్రం నూరేండ్ల కంటే పాత ముద్రణలల్లియే వాడుత, దొంగల సైటుకు దొంగ ఫోటోలు పెడితే మా బిడ్డనే నన్ను పట్టిస్తది.

అసలు కష్టం మాటలది. తెరచాప, చుక్కాని, లంగరు, కళాసీ, సరంగు ఇంత వరకు నాకు వచ్చు. రాజు దగ్గర కాయితం తీసుకొని శత్రుదేశపు ఓడలను దోచేటోడిని ఇంగ్లిషుల ప్రైవటీర్ అంటరు, దానికి నేను పట్టాదొంగ అని పెట్టుకున్న, బాగుందో లేదో మీరే చెప్పాలె. విలియం కిడ్ అట్లనే దొంగలను పట్టేటందుకు పట్టా తీసుకొని వచ్చి 1698ల మలబారు తీరంల సూరత్ సరుకు ఓడ క్వెడా మర్చంట్‌ను పట్టిండు. దాని దగ్గర ఫ్రెంచోళ్ళ కాయితాలున్నయి కాబట్టి అది శత్రువు ఓడే అని కోర్టుల మొత్తుకున్నడు, టైముకు ఆ కాయితాలు కనపడలే, 1701ల ఉరితీసిండ్రు. మొదటిసారి తాడు తెగింది, మళ్ళ వేసిండ్రు. ఆ కాయితాలు రెండు వందల ఏండ్ల తర్వాత లండన్ సర్కారు దస్త్రాలల్లనే దొరికినయి. ఆఫీసుల ఫైలు కథ ఏడైనా ఒకటే.

అందుకే ఈ ఉత్తరం వేయమని అడుగుతున్న. మీ పాఠకులల్ల మచిలీపట్నం, కాకినాడ, విశాఖ దిక్కు ఓడల పని చేసినోళ్ళ పిల్లలుంటరు, మన సాగర్ల పుట్టీలు ఏసుకొని చాపలు పట్టే బెస్తోళ్ళుంటరు. ఓడ పైతట్టును, అడుగు అరను, తాడు నిచ్చెనను, గాలి పడిపోయి తెరచాప వేలాడుడును మీ ఇండ్లల్ల ఏమంటరో ఈ పేజీకే రాయండి, నేను రోజూ చూస్త. మాట ఇచ్చినోళ్ళ ఊరు పేరు సైటుల పెడ్త.

ఒక్క రిక్వెస్టు సార్, దయచేసి నా పేరు, ఫోన్ నంబరు వేయకండి. కిడ్ నిజంగనే 1699ల అమెరికాల ఒక దీవిల కొంత సొమ్ము పాతిపెట్టిండు, దాన్ని వెంటనే తవ్వి తీసి కేసుల సాక్ష్యంగ పెట్టిండ్రు, ఇగ ఏం మిగల్లే. ఈ ముచ్చట షాపుల ఒక్కసారి అన్నందుకే గుప్తనిధుల బ్యాచ్ ఇద్దరు రెండుసార్లు వచ్చి పోయిండ్రు, మ్యాపు జిరాక్స్ కావాల్నంట.

ఇట్లు
మీ పాఠకుడు,
పానగల్ రోడ్డు, నల్గొండ